గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చదువుతున్నవాళ్లకి బయట ఏముంది? ఎప్పుడు, ఎలా అడగాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: శ్రీకాకుళం జిల్లాలో గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ, బీఎస్సీ ఫిజిక్స్ మేజర్, రెండో సంవత్సరం. ఇంటర్ దాకా తెలుగు మీడియం. "పెద్ద యూనివర్సిటీల్లో, ఐఐటీల్లో చదివేవాళ్లకి రీసెర్చ్, ఇంటర్న్‌షిప్ అన్నీ ఉంటాయి. మా కాలేజీలో ఒక ల్యాబ్, ఒక లైబ్రరీ, అంతే. ఇంట్లో డబ్బు పెట్టే పరిస్థితి లేదు. నాలాంటివాళ్లకి నిజంగా ఏమైనా ఉందా, ఊరికే ఆశ పెట్టుకుంటున్నానా?" అని అడిగారు.

ఉందమ్మా, చాలానే ఉంది. ఐఐటీలో చదివే పిల్లల పక్కన కూర్చుని అదే ల్యాబ్‌లో రెండు నెలలు పనిచేసే అవకాశం, స్టైపెండ్‌తో, రానూపోనూ రైలు చార్జీలతో సహా ప్రతి ఏడాదీ ఉంది. అది మన పిల్లల దాకా రాకపోవడానికి నేను చూసిన కారణాలు రెండే. ఒకటి, తేదీలు తెలియవు. రెండు, తెలిసినా, దరఖాస్తులో "మీరు ఇంతవరకు ఏం చేశారు" అన్న చోట రాయడానికి ఏమీ ఉండదు.

అందుకే సూటిగా చెప్తాను. ఈ నెలలోనే మీ ల్యాబ్‌లో ఒక్క ప్రయోగం మీ చేతులతో, ఉన్నది ఉన్నట్టు చేసి రాసి పెట్టుకోండి. దసరా నుంచి సంక్రాంతి లోపల దరఖాస్తులు పంపండి. మిగతాదంతా ఈ రెండింటి వివరమే.

నేను 20 ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. చదువుకున్నదీ అలాంటి కాలేజీలోనే. మూడో సంవత్సరం ఫిబ్రవరిలో ఏదో పని మీద స్టాఫ్ రూమ్‌కి వెళ్తే, బీరువా మీద పాత నోటీసుల కట్టలో వేసవి ఫెలోషిప్ పోస్టర్ ఒకటి కనిపించింది. ఆఖరు తేదీ దాటిపోయి రెండు నెలలైంది. ఎవరూ కావాలని దాచలేదు. కవరు చింపి బోర్డు మీద అంటించాలని ఎవరికీ తోచలేదు, అంతే. ఆ రోజు ఇంటికి వెళ్లేదారంతా ఏడుపు ఆపుకుంటూ నడిచాను. ఇప్పుడు పోస్టర్ కోసం ఎదురుచూడక్కర్లేదు, అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి. కానీ ఎప్పుడు వెతకాలో చెప్పేవాళ్లు ఇప్పటికీ తక్కువే. వేసవి గురించి మనం వేసవి దగ్గర పడ్డాక ఆలోచిస్తాం. అప్పటికి చాలా చోట్ల గడువు అయిపోతుంది.

మొదట దరఖాస్తు చేయాల్సింది

మూడు సైన్స్ అకాడమీలు (బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ - ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ - నాసి) కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. రెండు నెలల పాటు దేశంలో ఏదో ఒక పరిశోధన సంస్థలో ఒక సైంటిస్టు దగ్గర పనిచేస్తారు. మీ కాలేజీ పేరు ఎవరూ వినకపోయినా పర్వాలేదు. దరఖాస్తు ఒక్కటే, ఎంపికైతే మిమ్మల్ని ఎవరి దగ్గరకు పంపాలో వాళ్లే చూస్తారు. సాధారణంగా దసరా, దీపావళి రోజుల్లో దరఖాస్తులు తీసుకుంటారు. మార్కుల వివరాలు, మీరేం చేయాలనుకుంటున్నారో చెప్పే చిన్న వ్యాసం, మీకు పాఠం చెప్పిన ఒక టీచర్ సిఫార్సు ఉత్తరం అడుగుతారు. ఈ ఏడాది ఏ సంవత్సరం విద్యార్థులకు అర్హత ఇచ్చారో మాత్రం ఆ సంవత్సరం నోటిఫికేషన్ తెరిచి చదవండి. నాలుగేళ్ల డిగ్రీలు వచ్చాక ఇలాంటి నిబంధనలు చాలా చోట్ల మారుతున్నాయి. సీనియర్ చెప్పాడని, నేను చెప్పానని నమ్మి ఊరుకోకండి.

రెండోది ముంబైలోని హోమీ భాభా సెంటర్ నడిపే నియస్. పూర్తి పేరు నేషనల్ ఇనిషియేటివ్ ఆన్ అండర్‌గ్రాడ్యుయేట్ సైన్స్. ఇది డిగ్రీ విద్యార్థుల కోసమే పెట్టినది, అందుకే నాకు చాలా ఇష్టం. మొదట క్యాంపుకి పిలుస్తారు. అక్కడ బాగా చేసినవాళ్లకి ఏడాదికి పైగా సాగే ప్రాజెక్ట్ దొరుకుతుంది. డిగ్రీ మొదట్లో ఉన్నవాళ్లకే ఇది. మూడో ఏడాది దాకా ఆగితే చేయి దాటిపోతుంది.

ఖగోళం మీద ఇష్టం ఉంటే పుణె వైపు చూడండి. అక్కడ ఎన్‌సీఆర్‌ఏ, ఐయూకా అని రెండు సంస్థలున్నాయి. పుణెకి ఉత్తరాన ఖోడద్ అనే పల్లె దగ్గర 45 మీటర్ల వ్యాసం ఉన్న డిష్‌లు 30 నిలబెట్టి నడిపే జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ ఎన్‌సీఆర్‌ఏదే. డిసెంబరులో ఈ రెండు సంస్థలూ కలిసి కాలేజీ విద్యార్థులకి రేడియో ఆస్ట్రానమీ వింటర్ స్కూల్ నడుపుతాయి. బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై ఐఎంఎస్సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్), అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ), బెంగళూరులోనే జేఎన్‌సీఏఎస్‌ఆర్ (జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్)... వీటన్నిటికీ విద్యార్థులను తీసుకునే కార్యక్రమాలున్నాయి. కొన్ని ఎమ్మెస్సీ వాళ్లకే పరిమితం కాబట్టి వెబ్‌సైట్‌లో అర్హత చూసుకోండి. కనీసం నాలుగు చోట్లకి పంపండి. ఒక్కచోటికే పంపి దాని కోసమే కూర్చోకండి.

జెనీవా దగ్గరున్న యూరప్ కణ భౌతిక పరిశోధన సంస్థ సెర్న్ గురించి కూడా అడిగారు. భారత్ 2017 నుంచి అందులో అసోసియేట్ సభ్యదేశం, అక్కడి సమ్మర్ స్టూడెంట్ కార్యక్రమానికి మనవాళ్లూ పంపుకోవచ్చు. కానీ యూనివర్సిటీ చదువు మూడేళ్లు పూర్తయి ఉండాలి, పోటీ చాలా ఎక్కువ. ఇప్పుడు దాని మీద సమయం పెట్టకండి.

దరఖాస్తులో రాయడానికి ఏదైనా ఉండాలంటే

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నా దృష్టిలో అసలు సంగతి ఇదే.

మన కాలేజీల్లో ప్రాక్టికల్ రికార్డు ఎలా తయారవుతుందో మీకు తెలుసు. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని రీడింగులు దించేస్తాం. సింపుల్ పెండ్యులం అంటే ఆన్సర్ 980 (సెంటీమీటర్ల లెక్కలో, మీటర్లలో అయితే 9.8) రావాలి, వచ్చేలా అంకెలు వేస్తాం. టీచర్లం కూడా చాలాసార్లు చూసీ చూడనట్టు సంతకం పెట్టేస్తాం. అది మా తప్పే.

కొన్నేళ్ల కిందట మా క్లాసులో ఒకమ్మాయి లోలకం ప్రయోగం చేసి గురుత్వ త్వరణం 9.59 వచ్చిందని రాసుకొచ్చింది. పక్కవాళ్లందరికీ 9.8. "మేడం, మూడుసార్లు చేశాను, అదే వస్తోంది, మార్చమంటారా?" అని భయంభయంగా అడిగింది. మార్చవద్దన్నాను. తప్పు ఎక్కడుందో ఇద్దరం కూర్చుని వెతికాం. ముందు స్టాప్ వాచ్ మీద అనుమానపడ్డాం. 20 డోలనాలకి 40 సెకన్లు దాటుతోంది. వాచ్ నొక్కడంలో సెకనులో పదో వంతు తేడా వచ్చినా ఫలితం అంత మారదు. తర్వాత చూస్తే, తను దారం పొడవు గుండుకి పైనున్న కొక్కెం దాకానే కొలిచింది. గుండు మధ్యబిందువు దాకా కొలవాలి. కొక్కెం, గుండు వ్యాసార్ధం కలిపితే 2 సెంటీమీటర్లు. మీటరు పొడవులో 2 సెంటీమీటర్లు తగ్గితే ఫలితం 2 శాతం తగ్గుతుంది. మన ప్రాంతంలో గురుత్వ త్వరణం 9.78 దగ్గర ఉంటుంది. అందులో 2 శాతం తీసేసి చూడండి, సరిగ్గా ఆ అమ్మాయికి వచ్చిన అంకే.

అక్కడితో వదిలేస్తే అది ఒక దిద్దుబాటు మాత్రమే. తను అక్కడ ఆగలేదు. 40, 60, 80, 100 సెంటీమీటర్ల దగ్గర, కొక్కెం దాకానే కొలుస్తూ, డోలనావర్తన కాలాలు తీసింది. అడ్డంగా పొడవు, నిలువుగా కాలం వర్గం వేసి గ్రాఫ్ గీసింది. సరళరేఖ వచ్చింది. కానీ అది మూలబిందువు గుండా పోలేదు, వెనక్కి పొడిగిస్తే పొడవు అక్షాన్ని సున్నాకి 2 సెంటీమీటర్లు ఎడమవైపు తాకింది. అంటే కొలవడం మరచిపోయిన ఆ 2 సెంటీమీటర్లని గ్రాఫే చూపించింది. పైగా రేఖ వాలు నుంచి లెక్కేస్తే గురుత్వ త్వరణం సరిగానే వచ్చింది, ఎందుకంటే అన్ని పొడవుల్లోనూ ఒకే తప్పు ఉంటే వాలు మారదు. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అకాడమీ దరఖాస్తులో తను రాసింది ఇదే. విశ్వ రహస్యాల గురించీ, చిన్నప్పటి నుంచీ నక్షత్రాలంటే ఇష్టమనీ ఒక్క ముక్క రాయలేదు. తప్పు ఎలా వచ్చింది, ఎలా దొరికింది, ఇప్పుడు కొలతల్లో తప్పుల గురించి ఇంకా ఏం తెలుసుకోవాలని ఉంది, అంతే. ఎంపికైంది. మార్కులు మా క్లాసులో మూడో స్థానం.

మీకు ల్యాబ్ తాళం దొరకకపోతే ఇంట్లోనే చేయండి. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసినది. ఫోన్‌లో ఉన్న త్వరణ సెన్సార్, మైకు, అయస్కాంత సెన్సార్ అన్నిటితో కొలతలు తీయొచ్చు. చప్పుడుతో మొదలై చప్పుడుతో ఆగే స్టాప్ వాచ్ కూడా ఉంది. దాంతో వస్తువు కిందపడే కాలం కొలవొచ్చు. ఒక నోటుబుక్కు దీని కోసమే పెట్టండి. తేదీ వేయండి. తప్పు రీడింగు కొట్టేయకండి, పక్కన ఎందుకు తప్పనిపించిందో రాయండి.

మీ సార్‌ని అడిగి చూడాల్సింది ఇంకొకటుంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వాళ్లు ఎక్స్‌పైస్ అనే చిన్న పరికరం తయారుచేశారు. అరచేతిలో పట్టేంత డబ్బా. యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలిస్తే ఆసిలోస్కోప్ పనీ, సిగ్నల్ జనరేటర్ పనీ, వోల్ట్‌మీటర్ పనీ చేస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో నడుస్తుంది. డిపార్ట్‌మెంట్ నిధుల్లో ఒకటి తెప్పించుకోవడం పెద్ద విషయం కాదు.

మీకు ఇప్పటికే ఉన్న ఇంటర్న్‌షిప్‌ని వృథా చేయకండి

ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, వేసవి ఇంటర్న్‌షిప్, సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ సిలబస్‌లోనే ఉన్నాయి. ఎక్కువమంది వీటిని సర్టిఫికెట్ తంతుగా ముగిస్తారు. మా దగ్గర ముగ్గురు పిల్లలు కమ్యూనిటీ ప్రాజెక్ట్ కింద వాళ్ల ఊళ్లో కరెంటు వోల్టేజీ కొలిచారు. ప్లగ్గులో గుచ్చే చిన్న మీటరు కొని, మూడు వీధుల్లో మూడిళ్లలో, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా గంటగంటకీ అంకె రాశారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరమయ్యేకొద్దీ సాయంత్రం వోల్టేజీ ఎంత పడుతోందో గ్రాఫ్ గీశారు. తీగ నిరోధం మొదటి సంవత్సరం పాఠమే కదా. ఆ రిపోర్ట్ చూసి వాళ్లలో ఒకడిని ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ వేసవికి రమ్మన్నారు. (మెయిన్స్ కరెంటుతో తీగలు విప్పి కొలవాలని చూడకండి. ప్లగ్ మీటరే వాడండి.)

ప్రొఫెసర్‌కి మెయిల్ రాయడం

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేరుగా మెయిల్ రాసి అడగడం తప్పు కాదు, అందరూ చేసేదే. కానీ "రెస్పెక్టెడ్ సర్, మీ గొప్ప సంస్థలో చేరాలని నా కల" అంటూ ఒకే మెయిల్‌ని 50 మందికి పంపితే ఎవరూ పూర్తిగా చదవరు. మెయిల్ పది లైన్లు మించకూడదు. మొదటి రెండు లైన్లలో మీరెవరో, ఎక్కడ చదువుతున్నారో. తర్వాత ఆయన వెబ్ పేజీలో మీరు చదివి కొంచెమైనా అర్థం చేసుకున్న ఒక విషయం, అందులో మీకు వచ్చిన ఒక సందేహం. తర్వాత మీరు చేసిన కొలతో, రాసిన ప్రోగ్రామో. చివర్లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు. మార్కుల జాబితా జతచేయండి. పది మందికి రాస్తే ఒకరిద్దరు జవాబిస్తారు, మిగతావాళ్లు ఇవ్వరు. దానికి బాధపడకండి, వాళ్లకి రోజూ అలాంటివి చాలా వస్తాయి. రెండు వారాలయ్యాక మర్యాదగా ఒక్కసారి గుర్తు చేయవచ్చు.

దగ్గర్లో ఉన్నవాటితో మొదలుపెట్టండి. మీ జిల్లా నుంచి విశాఖ బస్సు దూరమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ అంటే పేరున్న భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం గారు పాఠం చెప్పిన చోటు, గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టిన చోటు. మీ కాలేజీ సార్లలో ఎవరో ఒకరు అక్కడ చదివే ఉంటారు. వాళ్ల మాట సాయంతో ఒక రోజు వెళ్లి ల్యాబ్‌లు చూసి రండి. దక్షిణం వైపు వస్తే తిరుపతిలో ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్య, పరిశోధన సంస్థ) ఉంది. అక్కడికి దగ్గర్లోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ అక్కడే. 1024 యాంటెనాలు పొలంలో నారు నాటినట్టు వరుసగా ఉంటాయి. చూస్తే విద్యుదయస్కాంత తరంగాల పాఠం ఇంకోలా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) హైదరాబాద్, భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి.

డబ్బు ఖర్చు లేకుండా పరిశోధనశాల లోపలికి వెళ్లే మార్గం ఒకటుంది. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం, రామన్ ఎఫెక్ట్ కనుక్కున్న 1928 నాటి రోజు. సెప్టెంబరు 26 దేశమంతటా ప్రయోగశాలలు నడిపే సీఎస్‌ఐఆర్ సంస్థ వ్యవస్థాపక దినం. ఆ రోజుల్లో చాలా సంస్థలు గేట్లు తెరిచి అందరికీ ల్యాబ్‌లు చూపిస్తాయి. అక్కడ యంత్రం పక్కన నిలబడి వివరించేది చాలావరకు పీహెచ్‌డీ విద్యార్థులే. వాళ్లతో మాట్లాడండి. ప్రొఫెసర్ల వెబ్ పేజీల్లో లేని సంగతులు వాళ్లే చెబుతారు.

ఊళ్లో ఉండి చేయగలిగినవి

ఒకటి, పైథాన్ నేర్చుకోండి. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో పైథాన్, లేటెక్ (సైన్స్ వ్యాసాలు టైప్ చేసేది), లైనక్స్ లాంటివి చిన్నచిన్న వీడియోలుగా ఉన్నాయి, చాలావాటికి తెలుగు మాట కూడా ఉంది. మీరు అడిగిన ఇంగ్లీష్ భయానికి ఇది మంచి మందు. ముందు తెలుగులో విని చేయండి, తర్వాత అదే ఇంగ్లీషులో వినండి. సొంత కంప్యూటర్ లేకపోతే గూగుల్ కొల్యాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కాలేజీ కంప్యూటర్ చాలు.

పైథాన్ కొంచెం వచ్చాక నిజమైన డేటా పట్టుకోండి. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరిశోధన కేంద్రం మొదటిసారి పట్టుకున్న గురుత్వ తరంగం డేటా అందరికీ తెరిచి ఉంది, దాన్ని ఎలా విశ్లేషించాలో పాఠాలతో సహా. ఫైల్ దించుకుని, అనవసరమైన పౌనఃపున్యాలు వడగట్టి గ్రాఫ్ గీస్తే సెకనులో ఒకటి రెండు పదో వంతుల్లోనే అల వేగం పెంచుకుంటూ ఎగసి ఆగిపోవడం కనిపిస్తుంది. కృష్ణబిలాలు రెండు కలిసిపోయిన గుర్తు అది. మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో కరెంటు పోతూ వస్తూ ఉండగానే పిల్లలు దాన్ని గీశారు. చంద్రయాన్ లాంటి మన మిషన్ల డేటా ఇస్రో వారి ప్రదాన్ పోర్టల్‌లో దొరుకుతుంది. దాన్ని వాడటం కొంచెం కష్టం, కానీ దరఖాస్తులో బరువుగా ఉంటుంది.

పాఠాల కోసం ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్ ఉంది. ఐఐటీ మద్రాస్‌లో వి. బాలకృష్ణన్ గారు చెప్పిన క్లాసికల్ ఫిజిక్స్, క్వాంటమ్ ఫిజిక్స్ ఉపన్యాసాలు పూర్తిగా ఉచితం. మొదటి ఉపన్యాసం అర్థం కాకపోతే కంగారుపడకండి, అవి డిగ్రీ స్థాయికి కొంచెం పైనే ఉంటాయి. ఒక్కో ఉపన్యాసం ఆపుతూ ఆపుతూ రెండు రోజులు చూడండి. కోర్సు వినడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు. మీకు సర్టిఫికెట్ కంటే అసైన్‌మెంట్లు చేయడం ముఖ్యం.

జర్నల్స్ సంగతి చాలామందికి తెలియదు. ఇంతకుముందు ఒక పరిశోధన వ్యాసం చదవాలంటే పెద్ద యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాల్సి వచ్చేది. 2025 నుంచి అమల్లోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకి 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13,000, అందుబాటులోకి తెచ్చారు. మీది గవర్నమెంట్ కాలేజీ కాబట్టి ఇది మీ కోసమే. మీ లైబ్రేరియన్ దగ్గరకి వెళ్లి మన కాలేజీ నమోదైందా, లాగిన్ ఎలా అని అడగండి. నమోదు కాకపోతే ప్రిన్సిపాల్ గారికి అర్జీ రాయండి, నలుగురు కలిసి సంతకాలు పెట్టి. అదీ వీలుకాకపోతే ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్ ఉండనే ఉంది. ఫిజిక్స్ వ్యాసాలు 1991 నుంచి అందులో ఉచితంగా పెడుతున్నారు.

పరీక్షలు

ఎమ్మెస్సీ కోసం ఐఐటీ జామ్ ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తు సెప్టెంబరు, అక్టోబరుల్లో. 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. సగం ప్రశ్నలు నాలుగింట్లో ఒకటి ఎంచుకునేవి, వాటికి నెగెటివ్ మార్కులుంటాయి. 20 ప్రశ్నలకి అంకె టైప్ చేయాలి, వాటికి నెగెటివ్ లేదు. మన పిల్లలు ఎక్కువగా ఆ అంకెల ప్రశ్నల దగ్గరే తడబడతారు. సూత్రం వస్తుంది కానీ చివరిదాకా లెక్క చేసే అలవాటు ఉండదు. రోజుకి రెండే లెక్కలు చేయండి కానీ అంకె వచ్చేదాకా వదలకండి. బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా జామ్ స్కోరు చూస్తారు. సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ. పరిశోధనే చేయాలని గట్టిగా ఉంటే జెస్ట్, టీఐఎఫ్ఆర్ పరీక్షలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సింగిల్ మేజర్ తీసుకున్నారు కాబట్టి మైనర్ ఏమిటో చూసుకోండి. ఫిజిక్స్ ఎమ్మెస్సీకి చాలా ఐఐటీలు డిగ్రీలో గణితం చదివి ఉండాలంటాయి. తేలిగ్గా ఉంటుందని ఇంకేదో మైనర్ తీసుకుని మూడో ఏడాదిలో తెలిసి తల పట్టుకున్న పిల్లలని చూశాను. ఇంకా మార్చుకునే వీలుంటే వెంటనే మార్చుకోండి.

ఫిజిక్స్ టీచర్ల సంఘం ఐఏపీటీ జనవరిలో నేషనల్ గ్రాడ్యుయేట్ ఫిజిక్స్ ఎగ్జామినేషన్ పెడుతుంది. ర్యాంకు రాకపోయినా రాయండి, ఫిజిక్స్ మీద మన సిలబస్ అడగని రకం ప్రశ్నలు ఎలా ఉంటాయో తెలుస్తుంది. మీ కాలేజీ సెంటర్ కాకపోతే దగ్గర్లో ఏ కాలేజీ సెంటరో మీ సార్‌ని కనుక్కోమనండి.

డబ్బు, మోసాలు

ఇంటర్ బోర్డులో టాప్ 1 శాతంలో ఉన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వ సైన్స్, టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 మీ చేతికి, 20,000 వేసవి ప్రాజెక్ట్‌కి. మీకు ఇంటర్‌లో మార్కులు బాగా వచ్చాయని రాశారు కాబట్టి అర్హత ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ వేసవి ప్రాజెక్ట్‌ని దొంగ రిపోర్ట్‌తో ముగించకండి, అది మీ దారి ఖర్చుకే ఇచ్చినట్టు.

మీ దగ్గర డబ్బు అడిగే ఇంటర్న్‌షిప్ ఏదైనా సరే, వదిలేయండి. "ఆన్‌లైన్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ గ్యారంటీ, ఫీజు ఇంత" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి చాలా ఉన్నాయి. మా విద్యార్థి ఒకడు వాళ్ల అమ్మ చీటీ పాడిన డబ్బు అలాంటిదానికి కట్టాడు. వచ్చింది ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్, అంతే. ఏ సెలెక్షన్ కమిటీ దాన్ని లెక్కలోకి తీసుకోదు. డబ్బు తీసుకుని వారంలో పేపర్ ప్రచురిస్తామనే జర్నల్స్ కూడా అంతే. మంచి సంస్థలు విద్యార్థికి డబ్బిస్తాయి, లేదా ఉచితంగా నేర్పుతాయి.

సిఫార్సు ఉత్తరం

మీ సార్‌ని ఆఖరి రోజున అడగకండి. మూడు వారాల ముందు వెళ్లండి. మీ లోలకం నోటుబుక్కు, మార్కులు, దరఖాస్తులో రాసిన వ్యాసం మూడూ తీసుకెళ్లండి. నాలాంటివాళ్లకి 60 మంది పిల్లలుంటారు. "కష్టపడి చదివే, క్రమశిక్షణ గల విద్యార్థిని" అని రాయడం తేలిక, అది అందరికీ రాస్తాం. చేతిలో నోటుబుక్కు ఉంటే "ఈ అమ్మాయి తన కొలతలో వచ్చిన తప్పుని తనే పట్టుకుంది" అని రాయగలం. ఎంపిక చేసేవాళ్లు వెతికే వాక్యం అదే. ఇంగ్లీషులో రాయడం మీ సార్‌కి ఇబ్బందైతే మొహమాటపడకుండా వివరాలు పాయింట్లుగా రాసివ్వండి, ఆయనకీ సాయంగా ఉంటుంది.

ఇంట్లో ఒప్పుకుంటారో లేదో, అంత దూరం అమ్మాయిని పంపరేమో అన్నారు. ఇది నిజమైన ఇబ్బంది, తేలిగ్గా తీసేయను. మా విద్యార్థిని వాళ్ల నాన్నగారు మొదట వద్దన్నారు. తను ఆ సంస్థ హాస్టల్ వివరాలు, గైడ్ పేరు, ఎంపిక ఉత్తరం ప్రింటు తీసి ఆయన ముందు పెట్టింది. తర్వాత ఆయనే స్టేషన్‌లో దింపి, ఆ సంస్థ గేటు దాకా వెళ్లి చూసి వచ్చారు. మీరు ఎంపికయ్యాక కాకుండా, దరఖాస్తు పెట్టేటప్పుడే ఇంట్లో చెప్పండి. హాస్టల్ ఉన్న సంస్థలనే ముందు ఎంచుకోండి. మీ సార్ చేత నాన్నగారితో ఒకసారి మాట్లాడించండి.

ఇంక ముందు ఆ లోలకం మొదలుపెట్టండి. కనీసం నాలుగు పొడవులు తీసుకోండి, గుండు మధ్య దాకా కాకుండా కొక్కెం దాకానే కొలవండి, తెలిసే తప్పు చేయండి. గ్రాఫ్ ఫోటో తీసి ఈ సమాధానం కిందే పెట్టండి. గీత అక్షాన్ని ఎక్కడ తాకిందో చూసి, దాని మీద మీ వ్యాసం ఎలా రాయాలో మాట్లాడుకుందాం.